విశాఖకు వారెందుకు వస్తున్నారు, ఇక్కడివారు ఎందుకు వెళుతున్నారు

మధురవాడలో మీ ఇంటి పక్కన కడుతున్న అపార్ట్‌మెంటులో పనివారంతా ఒడియా, హిందీ, బెంగాలీ మాట్లాడుతున్నారని, శ్రీకాకుళం జిల్లాలో మీ మేనమామగారి ఊరి కుర్రాళ్ళు మాత్రం హైదరాబాదుకో, చెన్నైకో, గుజరాత్‌లోని వేరావల్‌కో పోతున్నారని రాశారు. ఇక్కడ పని ఉంటే మనవారు ఎందుకు వెళ్తున్నారు, పని లేకపోతే వారు ఎందుకు వస్తున్నారు అన్నది మీ ప్రశ్న. కార్మిక శాఖలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ, పదవీ విరమణ తర్వాత కూడా నేను ఎక్కువగా చూసింది ఈ రాకపోకలనే కాబట్టి కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను.

పని ఉందా లేదా అన్న ఒక్క లెక్కతో మనుషులు రాష్ట్రం దాటరు. ఇంటికి ఒక్కసారిగా పెద్ద మొత్తం కావలసి వచ్చినప్పుడు, ఆ మొత్తాన్ని ముందుగానో సీజను చివరనో చేతిలో పెట్టగల చోటు ఒకటి ఉన్నప్పుడు, ఆ చోటికి వెళ్ళి వచ్చిన మనిషి తమ ఊళ్ళోనే కనిపిస్తున్నప్పుడు కదులుతారు. అవసరం మనిషిని ఇంట్లోంచి బయటికి పంపుతుంది గాని, ఏ రైలెక్కాలో చెప్పేది మాత్రం ముందు వెళ్ళినవాడే. నా అనుభవంలో ఈ రెండో సంగతి మొదటిదానికన్నా బలమైనది. దీన్ని పట్టించుకోకుండా వలస గురించి ఎంత మాట్లాడినా మీ ప్రశ్నకు జవాబు దొరకదు.

ముందు ఎంతమంది కదులుతున్నారో చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం, అంతకుముందు నివసించిన ఊరు విడిచి మరో ఊళ్ళో ఉంటున్నవారు దేశంలో 45 కోట్ల పైచిలుకు. వారిలో రాష్ట్రం దాటినవారు సుమారు 5.4 కోట్లు, అంటే నూటికి పన్నెండు మంది. మిగిలినవారంతా సొంత జిల్లాలోనో, సొంత రాష్ట్రంలోనో చోటు మారినవారే. ఆడవారిలో అత్యధికులు చెప్పిన కారణం పెళ్ళి. మన ఇచ్ఛాపురం పిల్లను ఒడిశాలోని బరంపురంలో ఇచ్చినా, అక్కడి పర్లాకిమిడి పిల్ల మన పాతపట్నం కోడలైనా లెక్కల్లో అది అంతర్రాష్ట్ర వలసే. రెండు చోట్లా ఆ ఊళ్ళ మధ్య దూరం విశాఖలో గాజువాక నుంచి భీమిలి వెళ్ళే దూరం కన్నా తక్కువ. ఇక ఆరు నెలలు వెళ్ళి తిరిగి వచ్చే కూలీలలో చాలామంది లెక్కలు తీసే నాటికి ఇంటి దగ్గరే ఉంటారు కాబట్టి జనాభా లెక్కలకు దొరకరు. ఈ లోటును గమనించే 2016-17 ఆర్థిక సర్వే రైలు ప్రయాణికుల లెక్కలను ఆధారం చేసుకుని, 2011 నుంచి 2016 వరకు పనికోసం రాష్ట్రాల మధ్య కదిలినవారు ఏటా 90 లక్షల వరకు ఉంటారని అంచనా కట్టింది.

రాష్ట్ర సరిహద్దు కూడా ఎప్పుడూ ఒకే చోట లేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడే వరకు కోరాపుట్, జయపురం, రాయగడ ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలోనివే. అక్కడి మనిషి సంతకో ఆసుపత్రికో విశాఖ రావడం ఆ రోజుల్లో సొంత జిల్లా కేంద్రానికి రావడమే. మర్నాటి నుంచి అదే మనిషి అదే దారిన వస్తే పరాయి రాష్ట్రం వాడయ్యాడు. మన వైపు కూడా ఇదే జరిగింది. 2013లో అనకాపల్లి నుంచి కూకట్‌పల్లి వెళ్ళిన కుర్రవాడు రాష్ట్రం దాటలేదు, 2014 జూన్ 2 తర్వాత వెళ్ళిన అతని తమ్ముడు దాటాడు. వెళ్ళిన దారీ, దిగిన గదీ, చేరిన పనీ ఇద్దరివీ ఒకటే. అందుకే రాష్ట్రం ఎందుకు దాటారని అడిగే ముందు, ఊరు ఎందుకు విడిచారని, ఆ ఊరికే ఎందుకు వెళ్ళారని అడగడం మేలు.

కూలి రేట్ల తేడా అందరికీ వెంటనే తోచే కారణం, అది నిజమైన కారణమే. రిజర్వు బ్యాంకు ప్రకటించిన 2021-22 వివరాల ప్రకారం పల్లెల్లో నిర్మాణ కూలీకి కేరళలో రోజుకు సగటున 800 రూపాయలు దాటితే, మధ్యప్రదేశ్‌లో 300 కూడా లేదు. జార్ఖండ్‌లోని ధన్‌బాద్ నుంచి కేరళలోని అలప్పుళ వెళ్ళే రైలు విశాఖ దగ్గర ఆగినప్పుడు జనరల్ బోగీల దగ్గర నిలబడి చూడండి. జార్ఖండ్ పల్లెల కుర్రాళ్ళు ఎయిర్‌బ్యాగులు, రంగు డబ్బాల్లో సర్దుకున్న సామాను పట్టుకుని, తలుపుల దగ్గర కూడా చోటు లేకుండా కూర్చుని ఉంటారు. వారు విశాఖలో దిగరు, ఇక్కడి అపార్ట్‌మెంట్లను కిటికీలోంచి చూసి ముందుకు పోతారు. ఇక్కడ నిర్మాణాలు లేక కాదు గదా? వారి ఊరి మేస్త్రీ ఎర్నాకుళంలో ఉన్నాడు. ఇక్కడ దిగేవారి మేస్త్రీ మధురవాడలో ఉన్నాడు. కూలి రేటే అంతా నిర్ణయించేదైతే కోరాపుట్‌లో ఒక్కరూ మిగలకూడదు, అందరూ కేరళలో ఉండాలి. అలా జరగడం లేదు.

ఇంటి అవసరం సంగతికి వస్తే, వేరావల్ వలసనే తీసుకోండి, మీరూ దాన్నే ప్రస్తావించారు కనుక. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 190 కిలోమీటర్ల తీరం ఉంది గాని, మరపడవలు నిలిచే పెద్ద హార్బరు లేకపోవడంతో అక్కడి మత్స్యకారులు తరతరాలుగా తెప్పలతో, ఆ తర్వాత ఇంజను బిగించిన ఫైబరు పడవలతోనే ఒడ్డుకు దగ్గరగా వేటాడుతున్నారు. ఇక్కడ వేటంతా వాటా పద్ధతి. చేప అమ్మిన డబ్బులోంచి డీజిలు, ఐసు ఖర్చు తీసేసి, పడవకు, వలకు వాటాలు పోగా మిగిలింది మనుషులు పంచుకుంటారు. వేట పడని రోజున ఎవరికీ ఏమీ ఉండదు. విశాఖ హార్బరులో మరపడవల మీదకు వచ్చినా చాలావరకు వాటా బేరమే. వేరావల్‌లో అలా కాదు. పడవ యజమాని పడవ మీద పనిచేసే కళాసీకి ఇంతని, పడవ నడిపే తండేలుకు ఇంతని నెలజీతం మాట్లాడతాడు, సీజనుకు ముందే కొంత అడ్వాన్సు ఇస్తాడు, తిండి పడవ మీదే. పశ్చిమ తీరంలో జూన్, జులై నెలల్లో వేట నిషేధం కాబట్టి, జులై ఆఖరున బయల్దేరి ఆగస్టు నుంచి మే వరకు అక్కడే ఉంటారు.

ఎచ్చెర్ల వైపు తీరంలో ఒక పెద్దావిడ నాతో అన్న మాట ఈ సంగతినంతా తేల్చి చెబుతుంది. ఎదురుగా సముద్రం ఉండగా కొడుకును అంత దూరం ఎందుకు పంపారమ్మా అని అడిగితే, "ఇక్కడ ఏటకెల్తే ఆ పూటకి కూరొస్తాది బాబూ, అక్కడికెల్తే ఇంటి మీద స్లాబు పడతాది" అంది. ఆవిడ చెప్పింది ఆదాయం ఎక్కువా తక్కువా అన్న మాట కాదు. ఇక్కడ డబ్బు రోజూ చిల్లరగా వచ్చి రోజూ ఖర్చయిపోతుంది, అక్కడ పది నెలలు పోగుపడి ఒక్కసారి వస్తుంది. ఆడపిల్ల పెళ్ళికి, ఇంటి స్లాబుకు, పాత అప్పు తీర్చడానికి కావలసింది ఆ ఒక్కసారి వచ్చే డబ్బే. బ్యాంకు అప్పు దొరకని ఇంటికి వలసే చిట్టీ. పైగా ఇంట్లో అందరూ వెళ్ళరు. ఒక కొడుకు ఇక్కడ తండ్రితో పడవ మీద ఉంటాడు, ఒకడు వేరావల్ వెళ్తాడు. ఒకచోట దెబ్బ తగిలితే రెండో చోటు నిలబెడుతుందని ఇల్లంతా కూర్చుని ఆలోచించి చేసిన ఏర్పాటు అది. ఎవరో ఒక కుర్రవాడు తెగించి వెళ్ళిపోయాడనుకుంటే పొరపాటు. అందులోని ప్రమాదం వారికి తెలియనిదీ కాదు. 2018 చివర్లో అరేబియా సముద్రంలో పాకిస్తాన్ సిబ్బందికి చిక్కి, ఏడాదికి పైగా జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగివచ్చిన మత్స్యకారులు మన ఉత్తరాంధ్ర తీరం వారే. ఆ తర్వాతి సీజనులోనూ ఆ ఊళ్ళ నుంచి మనుషులు వేరావల్ వెళ్ళారు.

పొలం విషయంలోనూ ఇలాంటి లెక్కే నడుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం మీద పడినప్పుడు కొబ్బరి, జీడి తోటలు వేళ్ళతో సహా పోయాయి. వరి పోతే మరుసటి ఏడు మళ్ళీ వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళలో ఇల్లు గడవాలి. తోట ఉన్న రైతు పేదవాడు కాదు, ఊళ్ళో పరువు ఉన్నవాడు. అయినా ఆ మధ్యకాలం గడవడానికి కొడుకులను హైదరాబాదుకో చెన్నైకో పంపక తప్పలేదు. తోట మళ్ళీ కాపుకు వచ్చేనాటికి ఆ కుర్రవాడు అక్కడ స్థిరపడి, పెళ్ళి చేసుకుని ఉంటాడు. కారణం పోయినా వలస ఆగదు అనడానికి నాకు తెలిసిన స్పష్టమైన ఉదాహరణ ఇదే.

దారి గురించి ఇప్పుడు కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే మీ ఇంటి పక్కన ఒడియా వినిపించడానికి కారణం ఇక్కడే ఉంది. కొమ్మాది దగ్గర ఒక పెద్ద కట్టడంలో సెంట్రింగ్ జట్టును పలకరించినప్పుడు, దాదాపు అందరూ కోరాపుట్ జిల్లాలోని ఒకే పంచాయతీ వారని తేలింది. మొదట వచ్చినవాడు ఆ జట్టు మేస్త్రీకి బావమరిది. విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో తండ్రికి వైద్యం చేయించడానికి వచ్చి, డబ్బు చాలక పక్కనే పనిలో చేరి, తండ్రిని ఊరు చేర్చాక తిరిగి వచ్చాడు. మరుసటి ఏడు బావను పిలిచాడు. బావ ఊళ్ళో నలుగురిని తెచ్చాడు. వచ్చినవాడికి మొదటి రోజే పని దొరుకుతుంది, రేకుల షెడ్డులో పడుకోవడానికి చోటు ఉంటుంది, జ్వరం వస్తే సొంత భాషలో చెప్పుకోవడానికి మనిషి ఉంటాడు. కొత్త ఊరికి పోవడంలో ఉండే ఖర్చు, భయం మొదటివాడు భరించాడు, తర్వాతివారికి అవి చాలా తగ్గిపోయాయి. అందుకే అతి పేదవాడు అతి దూరం పోతాడన్న ఊహ సరికాదు. టికెట్టు డబ్బు, దారి చెప్పే మనిషి రెండూ లేనివారు వలస కూడా పోలేక ఊళ్ళోనే మగ్గుతారు. ఎవరూ వెళ్ళని పల్లెను చూసి అక్కడ అంతా బాగుందనుకోకండి.

దారి చూపే మనిషి మేలు చేసేవాడే కావాలని లేదు. రాయపూర్ నుంచి విజయనగరం వచ్చే రైలు మార్గంలో కంటాబాంజీ, టిట్లాగఢ్ స్టేషన్లు ఉన్నాయి. పశ్చిమ ఒడిశాలోని బొలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి ఇటుక బట్టీలకు వెళ్ళే కుటుంబాలు అక్కడే రైలెక్కుతాయి. కోతల పండుగ నువాఖాయి అయ్యాక సర్దారు, అంటే కూలీలను కుదిర్చే దళారి, వచ్చి, భార్యాభర్తలతో పాటు ఇంకొక మనిషిని కలిపి ఒక జట్టుగా లెక్కవేసి అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు పాత అప్పులకే పోతుంది. నవంబరు మొదలుకుని వానలు పడే వరకు బట్టీలో వేసిన ఇటుకల లెక్కన దాన్ని తీర్చాలి. తీరకపోతే మళ్ళీ రావాలి. ఈ మనుషులు స్వేచ్ఛగా వచ్చారని నేను అనలేను. ఒడిశాలో ఈ పద్ధతిని దాదన్ అంటారు, దాన్ని అదుపు చేయడానికి ఆ రాష్ట్రం 1975లోనే చట్టం చేసింది. దాని అనుభవం నుంచే 1979లో కేంద్రం అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చింది. అయిదుగురు, అంతకుమించి వలస కార్మికులను పెట్టుకుంటే వర్తించే ఆ చట్టం గుత్తేదారుకు లైసెన్సు, కార్మికుడికి ఫోటోతో పాసుపుస్తకం, ప్రయాణ భత్యం, చోటు మారినందుకు నెలజీతంలో సగం భత్యం ఇవ్వాలని చెప్పింది. కాగితం మీద మంచి చట్టం. కాని గుత్తేదారు ద్వారా వచ్చినవారికే అది వర్తించేది, సర్దారేమో తాను గుత్తేదారునని ఎక్కడా సంతకం పెట్టడు. బావమరిదిని చూసి సొంతంగా వచ్చినవాడు అసలే దాని కిందకు వచ్చేవాడు కాదు. ఆ చట్టం స్థానంలో తెచ్చిన 2020 నాటి కార్మిక కోడ్‌లో సొంతంగా వచ్చినవారినీ చేర్చారు, అది సరైన మార్పు. కాని కార్మికుల కనీస సంఖ్యను పదికి పెంచారు, చోటు మారిన భత్యం తీసేశారు.

ఒకసారి పడిన దారి ఎంతకాలం నిలుస్తుందో తెలుసుకోవాలంటే మన ఉత్తరాంధ్ర చరిత్రే చాలు. బెంగాల్-నాగపూర్ రైల్వే వచ్చాక బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారానికి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల వారు వెళ్ళారు. ఈనాటికీ ఆ ఊళ్ళో తెలుగు పేటలున్నాయి, ఇక్కడి నుంచి సంబంధాలు వెళ్తూనే ఉన్నాయి. అంతకుముందు నుంచే బర్మాలోని రంగూన్ రేవులో మూటలు మోసిన వేలాదిమంది మన తీరం వారు. వారిని అక్కడ కోరంగీలని పిలిచేవారు. 1930లో వారు చేసిన సమ్మె దరిమిలా రంగూన్‌లో అల్లర్లు చెలరేగాయి. 1942లో యుద్ధం, 1962లో సైనిక పాలన వారిని వెనక్కు పంపాయి. మన కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు అలా తిరిగివచ్చినవారు ఉన్న చోటే. ఆ కాలంలో బయటికి మనుషులను పంపిన విశాఖ, 1933లో ఓడరేవు, ఆ తర్వాత నౌకా నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం వచ్చాక బయటివారిని పిలిచే ఊరైంది. భిలాయ్, రూర్కెలా అనుభవం ఉన్న ఇంజినీర్లు, నావికాదళంలో దేశం నలుమూలల వారు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వారిని ఎవరూ వలసవారని అనకపోవడం మీరు గమనించే ఉంటారు. వలస అన్న మాట రేకుల షెడ్డులో ఉన్నవారికే వాడుతున్నాం.

ఇక మీ ప్రశ్న నడిబొడ్డుకు వస్తాను. 1885లోనే రావెన్‌స్టైన్ అనే పరిశోధకుడు బ్రిటన్ జనాభా లెక్కలు చూసి ఒక విషయం గమనించాడు. పెరుగుతున్న పట్నానికి దగ్గరి పల్లెల వారు తరలివస్తారు, వారు ఖాళీ చేసిన చోట్లలోకి ఇంకా దూరం నుంచి మనుషులు వస్తారు. శ్రీకాకుళం కుర్రవాడు హైదరాబాదు వెళ్ళడం, కోరాపుట్ మనిషి విశాఖ రావడం అలా ఒకదానివెంట ఒకటి జరిగే కదలికలే. మన కుర్రవాడు ఇంటర్మీడియట్ దాటాడు, ఐటీఐయో డిగ్రీయో చదివాడు. ఇటుకలు మోయించడానికి తల్లిదండ్రులు అతన్ని చదివించలేదు. సొంత ఊరి దగ్గర తట్ట ఎత్తితే పెళ్ళి సంబంధాల దగ్గర మాట పడుతుందని ఇంట్లో భయం. హైదరాబాదులో క్యాబ్ నడిపినా, మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసినా ఊరికి తెలిసేది ఉద్యోగమనే. మరోవైపు మన ఇళ్ళలో పిల్లలే తగ్గారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లల సగటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, బీహార్‌లో 3. కూలి పనికి వచ్చే వయసువారు అక్కడే ఎక్కువ, కట్టడాలు ఇక్కడ ఎక్కువ.

ఇదంతా పనివాడి వైపు లెక్క. పని ఇచ్చేవాడి వైపు లెక్క ఇంకొకటి ఉంది, దాని గురించి బాహాటంగా ఎవరూ మాట్లాడరు. బయటి మనిషి చవక కాబట్టి పెట్టుకుంటారని సాధారణంగా అంటారు. నేను చూసిన చాలా కట్టడాల్లో రోజు రేటులో పెద్ద తేడా లేదు. తేడా అంతా గంటల్లో, అదుపులో ఉంది. విశాఖ దగ్గరి ఆనందపురం నుంచి వచ్చే కూలీ సాయంత్రం అయిదింటికి చేతులు కడుక్కుని బస్సెక్కుతాడు. సంక్రాంతికి వారం రాడు, ఊళ్ళో అమ్మవారి పండుగకు రాడు, చుట్టాలింట్లో పెళ్ళికి రాడు. అలా రాకపోవడం అతని హక్కు, బతుకులో భాగం. షెడ్డులో ఉన్న మనిషి ఎక్కడికీ పోడు. రాత్రి పదింటికి స్లాబు వేయాలన్నా లేచి వస్తాడు. స్థానికుడు పరంజి మీంచి పడితే తెల్లారేసరికి ఊరి పెద్దలు, సంఘం నాయకులు గేటు దగ్గర ఉంటారు. బెంగాల్‌లోని మాల్దా నుంచి వచ్చిన రాడ్ బెండింగ్ కుర్రవాడు పడితే, అతని తరఫున అడగడానికి మేస్త్రీ ఒక్కడే ఉంటాడు, ఆ మేస్త్రీకి తర్వాతి పని ఇచ్చేది కూడా ఆ గుత్తేదారే. దిక్కులేనితనానికి కూడా గిరాకీ ఉందని చెప్పడం నాకు చాలా బాధగా ఉంది, కాని వాస్తవం అదే. మన కుర్రవాడిని చెన్నైలో పెట్టుకునేదీ సరిగ్గా ఇందుకే. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే, వారిలో ఎందరో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు. ఇక్కడ ఒడిశా మనిషి ఏ స్థితిలో ఉన్నాడో, అక్కడ మనవాడిదీ అదే స్థితి.

పని ఇంటికి తిరిగి వెళ్ళనిస్తే మనుషులు ఊరు విడవరు అనడానికి విశాఖ దగ్గరే సాక్ష్యముంది. అచ్యుతాపురం వైపు దుస్తుల కర్మాగారాలకు చుట్టుపక్కల మండలాల నుంచి ఆడవారు తెల్లవారుజామున కంపెనీ బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరతారు. జీతం గొప్పది కాదు. అయినా వారిలో చాలామంది హైదరాబాదు పోవాలని అనుకోరు, ఎందుకంటే పిల్లలు, పొలం, అత్తమామలు ఇక్కడే ఉన్నారు, బస్సు గుమ్మం దాకా వస్తుంది.

చదువుల కోసం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం బెంగళూరు, హైదరాబాదు, పుణే వెళ్ళేవారి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, ఆ కారణాలు అందరికీ తెలిసినవే. కాని భయంతో సరిహద్దు దాటినవారిని మాత్రం మరవకూడదు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక రెండు వైపులా హింస తట్టుకోలేక గుత్తికోయ ఆదివాసులు పెద్దసంఖ్యలో గోదావరి అడవుల్లోకి వచ్చారు. వారిని ఇటు రమ్మని ఏ మేస్త్రీ పిలవలేదు. అక్కడ షెడ్యూల్డు తెగ అయినవారికి ఇక్కడ ఆ గుర్తింపు లేక, భూమి పట్టా లేక ఏళ్ళ తరబడి అవస్థ పడుతున్నారు.

సరిహద్దు అసలు పని చేసేది ఇక్కడే. మనిషి దాటడానికి గీత అడ్డం కాదు, రాజ్యాంగంలోని 19వ అధికరణం దేశంలో ఎక్కడికైనా పోయే హక్కు, ఎక్కడైనా స్థిరపడే హక్కు ఇచ్చింది. కాని మనిషితో పాటు అతని హక్కులన్నీ గీత దాటవు. ఆంధ్రలో ఎస్టీగా ధ్రువపత్రం ఉన్న కుటుంబంలోని విద్యార్థి తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి వెళ్తే, అక్కడి వైద్య కళాశాలలో ఆ రిజర్వేషను వర్తించదని సుప్రీంకోర్టు 1990లో తీర్పిచ్చింది. ఆ సూత్రమే ఈనాటికీ అమల్లో ఉంది. ఓటు ఊళ్ళోనే ఉంటుంది కాబట్టి ఉంటున్న ఊరి కార్పొరేటరుకు ఈ మనిషితో పని లేదు. కట్టడం దగ్గర ఆడుకునే ఒడియా పిల్లలకు మన బడిలో పాఠం తెలుగులో ఉంటుంది. రేషను విషయంలో మాత్రం నిజమైన మెరుగుదల వచ్చింది. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య మొదలైన ఒకే దేశం ఒకే రేషను కార్డు ఏర్పాటు 2022 జూన్ నాటికి అన్ని రాష్ట్రాలకూ చేరింది. అది అంతకుముందే ఉంటే 2020 మార్చి లాక్‌డౌన్‌లో అంతమంది రోడ్డెక్కేవారు కాదని నేను గట్టిగా నమ్ముతాను. మే 1న వలస కూలీల కోసం వేసిన మొదటి శ్రామిక్ రైలు హైదరాబాదు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియా బయల్దేరేనాటికే, చెన్నై వైపు నుంచి వచ్చిన మనుషులు చంటిపిల్లలను భుజాన వేసుకుని మన జాతీయ రహదారి మీదుగా ఇచ్ఛాపురం వైపు నడిచిపోతున్నారు. ఆనందపురం కూడలిలో అన్నం పొట్లాలు, చెప్పులు ఇచ్చిన మనవారి మంచితనం గొప్పదే. ఆ పొట్లం అవసరం రావడమే తప్పు.

స్థానికులకే ఉద్యోగాలివ్వాలని చట్టం చేస్తే ఇదంతా ఆగదా అని కూడా అడిగారు. మన రాష్ట్రం 2019లో పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకు ఇవ్వాలని చట్టం చేసింది. హర్యానా చేసిన అలాంటి చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023 నవంబరులో కొట్టివేసింది. భూములిచ్చిన గ్రామాల వారికి ఆ కర్మాగారంలో చోటు ఉండాలన్నది న్యాయమైన కోరిక, దాన్ని నేను ఎప్పుడూ సమర్థిస్తాను. కాని రాష్ట్రాలన్నీ 75 శాతం గీత గీస్తే వేరావల్‌లో, చెన్నైలో, బెంగళూరులో ఉన్న మన పిల్లలు ముందు వెనక్కు రావాలి. రావడానికి ఇక్కడ ఏముందో చూసుకోకుండా బయటివారిని పంపేయమనడం సబబు కాదు. నా దృష్టిలో చేయవలసిన పని వేరే ఉంది. షెడ్డులో ఉన్న మనిషికీ ఎనిమిది గంటల పని, ప్రమాద బీమా, సొంత పేరుమీద కూలి అమలైతే, అతన్ని పెట్టుకోవడంలో గుత్తేదారుకున్న అదనపు లాభం పోతుంది, అప్పుడు ఆనందపురం కూలీ కూడా అదే కట్టడంలో పని అడగగలుగుతాడు.

మీరు ఈ విషయం మీద ప్రాజెక్టు చేస్తున్నానన్నారు కాబట్టి ఒక మాట. జనాభా లెక్కల్లో వలసకు కారణాలు చెప్పే డి-3 పట్టికలు ఉంటాయి, అవి 2011వి, తర్వాతి లెక్కలు 2027లో. ఆ పట్టికలు చూడండి గాని అక్కడ ఆగకండి, వాటిలో పని, పెళ్ళి, చదువు వంటి ఏడు గళ్ళే ఉంటాయి. మీ ఇంటి పక్క కట్టడంలోకి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళండి, స్లాబు లేని రోజైతే ఆ పూట తీరిక ఉంటుంది. ఎందుకు వచ్చావని అడిగితే అందరూ పనికోసమనే చెబుతారు. మీ ఊరి నుంచి ఇక్కడికి మొదట ఎవరు వచ్చారు, వచ్చేముందు ఇంట్లో ఎంత అప్పు ఉంది, అది ఎవరి దగ్గర తెచ్చినది, ఈ ఏడు డబ్బు ఇంటికి వెళ్ళాక దేనికి వాడారు అని అడగండి. తర్వాత మీ మేనమామగారి ఊరు వెళ్ళి, వేరావల్ వెళ్ళినవారి ఇళ్ళలో అవే ప్రశ్నలు ఆడవారిని అడగండి, ఎందుకంటే లెక్కలు వారికే తెలుస్తాయి. రెండు చోట్లా వచ్చిన జవాబులను పక్కపక్కన రాసుకుని పోల్చి చూడండి.